ఆసిడ్ గదిలో ఒక్క వాక్యం

మన బ్యాచ్ కలయిక సంచికకు ఏదైనా రాసివ్వమని కమిటీ వాళ్లు చాలా రోజులుగా అడుగుతున్నారు. ‘నేటి చిత్రకారులు, వాళ్ల లక్ష్యాలు’ అని విషయం కూడా వాళ్లే ఇచ్చారు. లక్ష్యం అన్న మాట వినగానే మన బ్యాచ్‌లో ఎవరికైనా గుర్తొచ్చేది ప్రింట్లు తీయడం నేర్పిన గ్రాఫిక్స్ మాస్టారే. అందుకని మొదటి ఏడాది స్టిల్ లైఫులు, స్టడీ టూరు, చివరి ఏడాది డిస్‌ప్లే అన్నీ మిగతావాళ్లకు వదిలేస్తున్నాను. రేకును ఆసిడ్‌తో తినిపించి, ఇంకు నింపి కాగితం మీద అచ్చు తీసే ఎచింగ్ నేర్చుకున్న ఆసిడ్ గది మాత్రం నాది.

మాస్టారి నిబంధన తెలిసిందే కదా. జింకు రేకు చేతికిచ్చే ముందు నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయించేవారు: ఈ ప్లేటు దేనికోసం? ‘మానవ సంబంధాలు’ అనో ‘ప్రకృతి సౌందర్యం’ అనో రాసినవాళ్లకు రేకు దొరికేది కాదు. ‘గోడ మీద చెమ్మ పైకి పాకడం, గీత లేకుండా, నాలుగు టోన్లలో’ అని రాస్తే అప్పటికప్పుడు కోసి ఇచ్చేవారు. ఈ వాక్యం నెగ్గిందో ఓడిందో ప్రూఫు, అంటే పరీక్షగా తీసిన ప్రింటు, చూసి చెప్పొచ్చు. లేత నుంచి ముదురు దాకా నాలుగు టోన్లు పడ్డాయా, చెమ్మ పాకుతోందా, మరకలా ఆగిపోయిందా? ‘ప్రకృతి సౌందర్యం’ సంగతి ఏ ప్రూఫూ తేల్చి చెప్పదు. కళాకారుడి లక్ష్యం గురించి ఇంతకంటే పనికొచ్చే మాట నాకు ఆ తర్వాత ఎక్కడా తగల్లేదు.

వాక్యం కుదిరాక ఇక చేతిపని. రేకు అంచుల్ని ఆకురాయితో 45 డిగ్రీల వాలుకు అరగదీయాలి. వాలు లేకపోతే మనం ఏనుగని పిలిచే ప్రెస్సు కింద తడి కాగితం అంచు వెంబడే చిరుగుతుంది, దాని మీద పరిచే ఫెల్టు గుడ్డ కూడా తెగుతుంది. తర్వాత సుద్దపొడిలో అమోనియా కలిపి రుద్ది కుళాయి కింద పట్టాలి. నీళ్లు పలచని పొరలా నిలిస్తే జిడ్డు పోయినట్టు, బొట్లుబొట్లుగా విడిపోతే ఇంకా ఉన్నట్టు. ‘నన్నెందుకు అడుగుతావ్, నీళ్లనడుగు!’ అనేవారు మాస్టారు. జిడ్డు మిగిలిన చోట గ్రౌండు, అంటే గీసిన చోట తప్ప ఆసిడ్‌ను ఆపే పూత, పట్టదు. ఆసిడ్ దాని కిందికి దూరి, మనం గీయని చోట కూడా చుక్కలు చుక్కలుగా తినేస్తుంది.

ఆసిడ్ దగ్గర వాదనలు సాగేవి కావు. ముందు నీళ్లు, ఆ నీళ్లలోకి ఆసిడ్. తిరగేస్తే ఉడికి ముఖం మీదికి చిమ్ముతుంది. జింకుకు 1 వంతు నైట్రిక్, 10 వంతుల నీళ్లు. గీతల మీద బుడగలు చేరగానే ఈకతో తోసెయ్యాలి, బుడగ కూర్చున్న చోట ఆసిడ్ తగలక గీత ఎగుడుదిగుడుగా వస్తుంది. గోధుమరంగు పొగ లేచిందంటే ట్రే మరీ ఘాటుగా ఉందనో, వేడెక్కిందనో అర్థం. గాలి ఆడేలా చూసుకుని దూరంగా జరగాలి.

గీతలతో కాక టోన్లతో బొమ్మ తెచ్చే అక్వాటింట్ దగ్గరే మాస్టారు అసలు మాస్టారు. రోజిన్ అనే చెట్టు బంక పొడిని పెట్టెలో ఎగరేసి, పెద్ద రేణువులు కింద పడేదాకా ఆగి, అప్పుడు ప్లేటు లోపల పెట్టాలి. రేకులో సుమారు సగం కప్పేలా పొడి పడాలి. మరీ ఎక్కువైతే ఆసిడ్‌కు దారి ఉండదు, మరీ తక్కువైతే టోను బదులు గుంట పడుతుంది. కింది నుంచి సెగ పెట్టి, కన్ను ప్లేటు ఎత్తుకు దించి పక్క నుంచి చూస్తుండాలి. తెల్లటి పొడి ఒక మూల తేటపడుతుంది, ఆ తేట మెల్లగా జరుగుతూ వస్తుంది. తేటపడిన చోటు నుంచి సెగను వెంటనే జరపాలి. ఆలస్యమైతే రేణువులు కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ప్రింటులో అక్కడ తెల్లమచ్చ మిగులుతుంది. తొందరపడి ముందే తీస్తే రేణువు రేకును పట్టుకోక ట్రేలో ఊడిపోతుంది.

ఆ పైన సెకన్ల లెక్క. 15 సెకన్లు, 30, 1 నిమిషం, 2, 4. ప్రతి మెట్టుకూ రెట్టింపు. ఒక్కో మెట్టు దగ్గర తీసి, కడిగి, ఆరబెట్టి, టోను చాలనుకున్న చోట వార్నిషు పూసి మళ్లీ దించాలి. ప్రతిసారీ 15 సెకన్లే పెంచుకుంటూ పోతే ముదురు టోన్లకు వచ్చేసరికి కంటికి తేడా తెలియదు. ఇంకా నలుపు కావాలని ట్రేలోనే ఉంచేస్తే వచ్చేది నలుపు కాదు. ఆసిడ్ రేణువుల కిందికి పక్క నుంచి తినేస్తుంది, వాటిని మోస్తున్న లోహం కూలిపోతుంది, ఇంకు నిలవడానికి గరుకు మిగలక బూడిదరంగు తేలుతుంది. వాడేకొద్దీ ఆసిడ్ నీరసిస్తుంది, చల్లబడితే మందగిస్తుంది, అందుకని నిన్నటి సెకన్లు ఇవాళ పనికిరావు. అదే రోజు, అదే ట్రేలో, చిన్న ముక్క మీద మెట్లన్నీ వేసి చూసుకున్నాకే ప్లేటు ముట్టుకోనిచ్చేవారు. ‘నాలుగు టోన్లలో’ అని నోటుబుక్కులో రాసినదానికి అసలు అర్థం ఆ ముక్క మీదే కనిపించేది.

పెద్దవాళ్ల పనిలోనూ ఆయన ఆ వాక్యం కోసమే వెతికేవారు. ప్రింట్ చిత్రకారుడు కృష్ణారెడ్డికి కావలసింది రంగులన్నీ ఒకే ప్లేటు మీద నుంచి, ప్రెస్సు కింద ఒక్కసారి దొర్లించగానే రావడం. పారిస్‌లో బ్రిటిష్ చిత్రకారుడు హేటర్ నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ స్టూడియోలో తోటివాళ్లతో కలిసి దానికి దారి వెతికారు. స్వతహాగా శిల్పి కాబట్టి రేకును మట్టాలు మట్టాలుగా చెక్కారు. అవిసె నూనె బాగా కలిపిన పలచని ఇంకును గట్టి రోలరుతో పై మట్టానికి వేస్తారు. ఆ మీదట నూనె తక్కువైన చిక్కని ఇంకును మెత్తని రోలరుతో నొక్కి లోతుకు చేరుస్తారు. నూనె ఉన్న చోట చిక్కని ఇంకు అంటదు, అందుకే రంగులు దేని చోట అవి ఉంటాయి. ముందు చిక్కనిది వేస్తే పలచనిది దాని మీదికెక్కి అంతా బురదవుతుంది. బెంగాల్ శిల్పి, ప్రింట్ చిత్రకారుడు సోమ్‌నాథ్ హోర్‌కు గాయం కావాలి, గాయం బొమ్మ కాదు. అందుకే 1970లలో చేసిన ‘గాయాలు’ వరసలో చాలావాటికి రంగే లేదు, తెల్లని కాగితపు గుజ్జులోనే గాట్లు, ఉబ్బులు. చిత్రకారిణి జరీనా 1999లో ఇల్లు అన్న ఒక్క సంగతిని 36 వుడ్‌కట్లుగా, అంటే చెక్కపలక చెక్కి తీసిన ప్రింట్లుగా, విడదీసింది, ఒక్కోదానికి ఒక్కో ఉర్దూ మాట.

ఇప్పుడు గ్యాలరీలు, రెసిడెన్సీలు స్టేట్‌మెంట్, అంటే చిత్రకారుడు తన పని గురించి రాసే నాలుగు మాటలు, అడుగుతాయి. ‘అస్తిత్వాన్ని ప్రశ్నిస్తున్నాను’ అని మొదలుపెట్టే కుర్రవాళ్లను కూర్చోబెట్టి మూడు సంగతులు రాయిస్తాను: ఏ పదార్థం, ఏ కొలత, ఏది కనిపిస్తే పని ఆపేస్తావు? మూడోది రాయగలిగితే మిగతా స్టేట్‌మెంట్ దానంతటదే వస్తుంది. మన బ్యాచ్‌లో సొంత ప్రెస్సు పెట్టుకున్నవాళ్లున్నారు, మ్యూజియంలో పాత కాగితాలు బాగుచేసేవాళ్లున్నారు, ఏనుగు పక్కన నిలబడి పాఠం చెబుతున్నవాళ్లూ ఉన్నారు. నా స్టూడియోలోనూ రేకు కోసే ముందు నోటుబుక్కు తెరవాల్సిందే. ఆ సంగతి చెప్పుకోవడం నాకు గర్వమే.

కలయిక రోజు ప్రదర్శనకు ప్రింట్లు తెచ్చేవాళ్లకు కమిటీ తరఫున చిన్న విన్నపం. టేపు అంటించకండి, జిగురు పసుపుపచ్చ మరకై కాగితంలోకి దిగుతుంది. జపాన్ కాగితపు ముక్కలను గోధుమపిండి గంజితో పైఅంచున రెండు చోట్ల అంటిస్తే చాలు. ప్రింటు అద్దానికి తగలకుండా మధ్యలో మౌంటు, అంటే అట్ట చట్రం, ఉండాలి. సంఖ్య, సంతకం పెన్సిల్‌తోనే. ఎడిషన్, అంటే అనుకున్నన్ని ప్రింట్లు తీయడం, అయిపోయి ఉంటే, మళ్లీ తీయకుండా గీత కొట్టేసిన ప్లేటు కూడా తీసుకురండి, పక్కన పెడదాం. ప్రింటు వెనకవైపు మాత్రం, అప్పుడు నోటుబుక్కులో ఏం రాశారో ఆ వాక్యం రాయండి.