ఉగాది రోజు ఇఫ్తార్

సైరన్ మోగగానే అంకుల్ ఖర్జూరం తిని, నీళ్లు తాగారు. వెంటనే అమ్మ తెచ్చిన స్టీలు డబ్బా చూపించి, "ముందు పచ్చడి పెట్టమ్మా" అన్నారు.

వేపపువ్వు పంటి కింద పడినట్టుంది, కళ్లు గట్టిగా మూసుకున్నారు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని నోటికి ఆ చేదు ఎలా తగిలిందో! అయినా రెండో చెంచా అడిగి మరీ తిన్నారు.

దస్తర్‌ఖాన్ మీద హలీం లేదు. బగారా అన్నం, మిర్చీ కా సాలన్, ఖట్టీ దాల్, పళ్లు. "మీకు పండగ కదా వదినా, ఇవాళ నీచు వండలేదు" అన్నారు ఆంటీ. రంజాన్ నెలలో ఇదే ఆఖరి ఇఫ్తార్ కావచ్చని తెలిసి కూడా. ఇంటినిండా చుట్టాలు, ఒక్కరూ ముఖం చిట్లించలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తింటుండగానే నెలవంక కనిపించిందని కబురు. అందరం డాబా మీదికి పరుగు. పొద్దున మాకు విశ్వావసు, సాయంత్రం వాళ్లకి ఈద్ కబురు. ఇద్దరి నెలలూ చంద్రుణ్ని బట్టే నడుస్తాయని తెలుసు గానీ, ఒకే రోజు ఇలా కలిసి రావడం 2025లో చూశాను.

రేపు షీర్ ఖుర్మాకి మళ్లీ వాళ్లింటికే. బొబ్బట్లు ఇంకో వాయి చేయాలని అమ్మ ఇప్పుడే శనగపప్పు నానబెట్టింది.