స్కాలర్‌షిప్ పరీక్ష కోసం మా అమ్మాయితో పాటు నేనూ భిన్నాలు నేర్చుకున్నాను

నిన్న సాయంత్రం జాకెట్టుకి చేతులు ఎక్కిస్తుంటే హెడ్మాస్టరుగారు ఫోన్ చేశారు. ఎన్.ఎం.ఎం.ఎస్. (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) జాబితాలో మా అమ్మాయి పేరుందట. మిషన్ ఆపేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. రాత్రి నిద్ర పట్టలేదు. ఈ సంతోషం పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం: ఇది ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకి పెట్టే పరీక్ష. ఇంట్లో ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. గట్టెక్కితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు, మొత్తం 48,000 వస్తాయి. రెండు పేపర్లు, ఒక్కోటి 90 మార్కులకి. రెండో పేపర్లో లెక్కలకి 20. దరఖాస్తు బడివాళ్ళే ఆన్‌లైన్‌లో పెట్టారు. ఆదాయం సర్టిఫికెట్టుకి రెండుసార్లు తిరిగాను, వచ్చేసింది. సైన్సు, సోషల్ పాప సొంతంగా చదువుకుంది.

మా పీకల మీదికి వచ్చింది లెక్కలు. అందులోనూ భిన్నాలు, దశాంశాలు.

ట్యూషన్ పెట్టించాను. నెల తిరిగాక అక్కడి సారు తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. గది నిండా పిల్లలు, గోడవారగా మేం ఏడెనిమిది మందిమి. పాప పరీక్ష కాగితం తీసి, "ఇరవైకి నాలుగు. ఇంట్లో ఎవరూ చూడరా అమ్మా?" అన్నారు. కుట్టుపని సార్, రాత్రి పదయిపోతుంది అన్నాను. ఆయన బోర్డు మీద 0.5 అనీ, పక్కన 0.125 అనీ రాసి, "ఏది పెద్దది? మీరే చెప్పండి" అన్నారు. నూట ఇరవై ఐదు కనపడుతోంది, ఐదు కనపడుతోంది. 0.125 అన్నాను. పిల్లలు గొల్లుమన్నారు. ఒక తండ్రి కూడా నవ్వాడు. "పాపకి ఎందుకు రావట్లేదో ఇప్పుడర్థమైంది" అని ఆయన తర్వాతి కాగితం తీశారు. ఏది పెద్దదో, ఎందుకు పెద్దదో మాత్రం చెప్పలేదు.

తలదించుకుని నిలబడ్డ నా కూతురి మొహం నాకిప్పటికీ కళ్ళముందే ఉంది. దారంతా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇరవై ఏళ్ళుగా పావంగుళం తేడా రాకుండా కుడుతున్నదాన్ని. టేపు మీద ఎనిమిదో వంతు గీత నాకు కళ్ళజోడు లేకుండా తెలుస్తుంది. అలాంటిదాన్ని పదిమందిలో ఏమీ తెలియనిదాన్ని చేసి నిలబెట్టాడు.

ఆ రాత్రి పాఠ్యపుస్తకం తీశాను. ఇప్పుడు మన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ అదే పాఠం తెలుగు. పాప ఇంగ్లీషు పేజీయే చూస్తుంది, తెలుగు పేజీ చూస్తే వెనకబడినట్టని క్లాసులో అనుకుంటారట. ముందు ఆ మాట కట్టిపెట్టమన్నాను.

పక్క గదిలోంచి మామయ్యగారు వచ్చి, "0.125 కిలో మిరపకాయలంటే ఎన్ని గ్రాములమ్మాయ్?" అన్నారు. నూట ఇరవై ఐదు గ్రాములు. "అర కిలో?" ఐదువందలు. అంతే. 0.5ని 0.500 అని రాస్తే 500కీ 125కీ పోటీ, ఇక తికమక ఏముంది? అసలు దాన్ని "పాయింట్ నూట ఇరవై ఐదు" అని చదవడంలోనే ఉంది మోసం. పాయింట్ తర్వాత ఒకటి, రెండు, ఐదు అని విడివిడిగా పలకాలి. మొదటిది పదో వంతులు, రెండోది వందో వంతులు, మూడోది వెయ్యో వంతులు. ఈ ముక్క చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. నెలకి ఎనిమిది వందలు తీసుకున్న మనిషి ఆ రెండు నిమిషాలు నా బిడ్డకి ఇవ్వలేదు. మర్నాడే మాన్పించేశాను. ట్యూషన్‌కి డబ్బు కట్టేముందు వెళ్ళి ఒక గంట వెనక బల్ల మీద కూర్చోండి. పిల్లలు ఎదురు ప్రశ్న వేస్తున్నారో లేదో చూడండి. వెయ్యకపోతే లేచి వచ్చెయ్యండి.

తర్వాత కూడికలు. పాప కాగితం మీద 1/2 + 1/4 = 2/6 అని ఉంది. పైవి పైకి, కిందవి కిందికి కలిపేసింది. గుడ్డ పట్టుకుని, "అర మీటరుకి పావు మీటరు కలిపితే ఎంతే?" అన్నాను. "ముప్పావు" అంది, తడుముకోకుండా. మరి ఇదేంటని కాగితం చూపించాను. చాలాసేపు దాన్నే చూసింది. 2/6 అంటే మూడో వంతు, అరకన్నా తక్కువ. అరకి ఇంకొంచెం కలిపితే అరకన్నా తగ్గుతుందా? నోటికి తెలిసిన లెక్కే, చేతికి తెలియలేదు.

ఎందుకు తెలియలేదో నాకు తట్టింది చెబుతాను. "త్రీ బై ఫోర్" అన్నప్పుడు పిల్ల చెవికి రెండు అంకెలే వినిపిస్తాయి. అదే "నాలుగో వంతులు మూడు" అంటే వస్తువేదో, ఎన్నున్నాయో రెండూ వినిపిస్తాయి. నాలుగో వంతులు ఒక రకం గుడ్డ, ఐదో వంతులు ఇంకో రకం. రకాలు కలిపి లెక్కపెట్టలేం కదా, అందుకే ముందు ఒకే రకంగా మార్చుకోవాలి. హారాల (కింది అంకెల) క.సా.గు., అంటే వాటన్నిటితో శేషం లేకుండా భాగించగలిగే అతి చిన్న సంఖ్య, తీసేది దానికే. పుస్తకంలో సజాతి భిన్నాలు, విజాతి భిన్నాలు అన్నది ఇదే. ఆ రోజు నుంచి మా ఇంట్లో భిన్నాన్ని ముందు తెలుగులో పలికాకే పెన్ను పట్టాలని పెట్టాను. మూడు వారాల్లో కూడికలు, తీసివేతలు దారిలో పడ్డాయి.

భాగహారం దగ్గర మళ్ళీ ఆగింది. 3/4 ÷ 1/8 చేస్తే 6 వచ్చింది. "భాగిస్తే తగ్గాలి కదమ్మా, పెరిగిందేంటి?" అంది. మంచి ప్రశ్న అది. తిరగేసి గుణించమని మాత్రమే ట్యూషన్‌లో చెప్పారట. మెడలోని టేపు తీసి బల్ల మీద పరిచాను. అంగుళానికి ఎనిమిది గడులు. సున్నా నుంచి ముప్పావు దాకా వేలు పెట్టి లెక్కపెట్టమన్నాను. ఒకటి, రెండు... ఆరు. ముప్పావంగుళంలో ఎనిమిదో వంతులు ఎన్ని పడతాయన్నదే ఆ లెక్క. ముక్క చిన్నదయ్యేకొద్దీ ఎక్కువ పడతాయి. ఒక అంగుళంలో ఎనిమిది పడతాయి కాబట్టి ఎనిమిదితో గుణిస్తున్నాం. "ఇదా!" అని టేపు లాక్కుని తనే ఇంకో నాలుగు లెక్కలు చేసుకుంది.

మామయ్యగారి పాఠం ఒకటి తప్పకుండా చెప్పాలి. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చేనాటికి ఆయనకి పదేళ్ళు. అంతకుముందు రూపాయికి పదహారణాలు. "అణాకి ఆరు పైసలు, బేడకి, అంటే రెండణాలకి, పన్నెండు, మూడణాలకి పంతొమ్మిది, పావలాకి ఇరవై ఐదు" అని అప్పజెప్పారు. పాప వెంటనే పట్టుకుంది: "ఆరు, పన్నెండు, తర్వాత పద్దెనిమిది కదా తాతయ్యా?" వందని పదహారుతో భాగించి చూడమన్నారాయన. 6.25 వచ్చింది. బేడకి 12.5, మూడణాలకి 18.75. పైసాలో ముక్క ఇవ్వలేరు కాబట్టి 18.75ని పంతొమ్మిది చేశారు, ఆరుంబావుని ఆరు చేశారు. పావలా దగ్గర మాత్రం లెక్క సరిగ్గా సరిపోయింది. దశాంశాలని సవరించడం దీంతోనే అర్థమైంది మాకు.

ఆ ఊపులోనే ఇంకోటి తెలిసింది. 1/16ని భాగిస్తే 0.0625 దగ్గర ఆగిపోతుంది. 1/3 మాత్రం 0.333 అని ఆగకుండా పోతూనే ఉంటుంది. 1/7 అయితే 142857 అనే ఆరు అంకెలే తిరిగి తిరిగి వస్తాయి. పాప దాన్ని పన్నెండు స్థానాల దాకా భాగించి, మళ్ళీ 142857 వచ్చినప్పుడు నన్ను కేకేసి పిలిచింది. భిన్నాన్ని సూక్ష్మీకరించాక హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం (3, 7 లాంటిది) లేకపోతే ఆగుతుంది, ఉంటే ఆగదు. పరీక్షలో దీని మీద ప్రశ్న వచ్చింది, భాగించకుండానే పెట్టేసింది.

అకరణీయ సంఖ్యలంటే పేరుకే భయం. రెండు పూర్ణసంఖ్యల్ని భిన్నంగా రాస్తే అకరణీయ సంఖ్య, హారం మాత్రం సున్నా కాకూడదు. మైనస్ వైపు పోలికల్లోనే జాగ్రత్త: −3/4 కన్నా −1/2 పెద్దది. సంఖ్యారేఖ గీసి కుడి పక్కనున్నదే పెద్దదని చూపిస్తే సరిపోయింది.

ప్రామాణిక రూపం, అంటే చాలా పెద్ద, చాలా చిన్న సంఖ్యల్ని 10 ఘాతాలతో కుదించి రాయడం, మాకు సులువుగానే పోయింది. సూర్యుడు దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరం. కోటి అంటే 10⁷, కాబట్టి 15 × 10⁷, పాయింట్‌కి ముందు ఒక్క అంకే ఉండాలి కాబట్టి 1.5 × 10⁸. లక్షకి ఐదు సున్నాలు, కోటికి ఏడు అని చిన్నప్పటి నుంచి తెలిసిన పిల్లకి ఇందులో కష్టం లేదు. 0.000007ని 7 × 10⁻⁶ అని రాయడంలో మైనస్ ఎందుకని అడిగింది. 1000, 100, 10, 1 అని మెట్లు దిగుతూ ఆ కిందికే ఇంకో ఆరు మెట్లు దిగమన్నాను.

పదో తరగతి లెక్కల్లో నాకు 35 వచ్చాయి. ఇప్పుడు ఎనిమిదో తరగతి భిన్నాలు ఎవరు అడిగినా చెప్పగలను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. పాపకి లెక్కల్లో 20కి 16 వచ్చాయి.

సోమవారం బ్యాంకుకి వెళ్ళి పాప ఖాతాకి ఆధార్ కలిపించాలి. ఆ తర్వాత నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు. పొద్దున ఎదురింటి పిల్లాడు పుస్తకం పట్టుకొచ్చాడు, 2/5కి 1/3 కలపడం దగ్గర ఆగిపోయాడట. పాప నా కత్తిరింపుల బుట్టలోంచి చతురస్రం ముక్క ఒకటి తీసి, ఒకవైపు ఐదు సమాన భాగాలు, రెండోవైపు మూడు సమాన భాగాలు వచ్చేలా మడిచి విప్పింది. పదిహేను గడులు పడ్డాయి. "ఐదో వంతులు రెండంటే ఇందులో ఎన్ని గడులురా?" అని వాణ్ణి అడుగుతోంది.