గల్ఫ్ ప్లాంట్లో పాత డాస్ లాప్‌టాప్: పోర్టు కనపడనప్పుడు

గల్ఫ్‌లో పాత ప్లాంట్లలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్లుగా చేరే మన కోనసీమ, నరసాపురం కుర్రాళ్ళకి మొదట వింతగా తోచేది బీరువాలో తాళం వేసి ఉంచే 1990ల నాటి లాప్‌టాప్. సీమెన్స్ ఎస్5 పీఎల్‌సీలు (ప్లాంటు యంత్రాల్ని నడిపే కంట్రోలర్లు) ఇంకా నడుస్తున్న చోట, వాటితో మాట్లాడే స్టెప్ 5 సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, విండోస్‌కి ముందటి డాస్‌లో నడిచే మిషన్లు అవి. సీరియల్ (కామ్) పోర్టుకి కేబుల్ తగిలించాక పీఎల్‌సీ పలకకపోతే సూపర్‌వైజరు "లాప్‌టాప్ పోయింది" అనేస్తాడు. వెంటనే తలూపేయకండి.

కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని నిషేధం. పరీక్షలేవైనా ఆ వేళ వర్క్‌షాపు బల్ల మీదే కానిచ్చుకోండి. గ్యాస్ ఉండే ఏరియాలోకి మామూలు లాప్‌టాప్ తీసుకెళ్ళాలంటే హాట్ వర్క్ పర్మిట్ కావాలి. తీరా వెళ్ళాక అక్కడ బూట్ చేస్తూ కూర్చోనివ్వరు.

అందరూ ముందు ఎమ్‌ఎస్‌డి కొడతారు, అంటే మిషన్‌లో ఏమేం ఉన్నాయో చూపే మైక్రోసాఫ్ట్ డయాగ్నస్టిక్స్. సిస్టమ్‌ని పరీక్షిస్తున్నానంటూ అది అక్కడే బిగుసుకుపోతుంది. లాకు దగ్గర ఒక పడవ ఇరుక్కుంటే వెనక పడవలన్నీ ఆగినట్టు, ఒక్క పరికరం జవాబివ్వకపోతే మిగతావాటి సంగతీ తేలదు. పీసీఎమ్‌సీఐఏ స్లాట్‌లో (పక్కన కార్డులు దూర్చే గాడి) నెట్‌వర్క్ కార్డుంటే ముందు అది ఊడదీయండి. 300 అనే పోర్టు అడ్రసు దగ్గర కూర్చున్న కార్డుని తెలియని ప్రోగ్రాం కదిపితే మిషన్ మొత్తం ఆగిపోవచ్చు. తర్వాత "స్టార్టింగ్ ఎమ్‌ఎస్-డాస్" అని పడగానే ఎఫ్5 నొక్కితే డ్రైవర్లేవీ ఎక్కవు. ఇది డాస్ 6 నుంచే ఉంది. హార్డ్‌వేర్‌ని నేరుగా తాకే టూల్స్‌కి ఈఎమ్ఎమ్386 అనే మెమరీ డ్రైవరు అడ్డం పడుతుంది, అందుకే ఈ తంతు. దోషి ఏ డ్రైవరో తెలియాలంటే ఎఫ్8తో ఒక్కో లైనూ దాటుకుంటూ వెళ్ళండి. అప్పటికీ ఆగితే ఎమ్‌ఎస్‌డి /ఐ. మొదటి వెతుకులాట మానేసి లోపలికి వెళ్తుంది.

పెంటియం 2 మిషన్లలో కొన్ని టూల్స్ "రన్‌టైమ్ ఎర్రర్ 200" అని చస్తాయి. అది ఆ టూల్స్ రాసిన టర్బో పాస్కల్ భాష టైమింగ్ లెక్క తప్పడం, హార్డ్‌వేర్ జబ్బు కాదు. వేరే టూల్ వాడుకోండి.

ఏ టూల్ కన్నా ముందు బయోస్ (ఆన్ చేయగానే హార్డ్‌వేర్‌ని వెతికే మూల ప్రోగ్రాం) రాసుకున్న పోర్టుల పట్టిక చూడటం మేలు. డీబగ్ అని కొట్టి, డి 40:0 అడగండి. మొదటి ఎనిమిది బైట్లు నాలుగు కామ్ పోర్టులవి, తర్వాతివి ప్రింటర్ పోర్టులవి. "ఎఫ్8 03" అంటే కామ్1 3ఎఫ్8లో ఉన్నట్టే, బైట్లు తిరగేసి చదవాలి. అక్కడ "00 00" ఉంటే బయోస్‌కే పోర్టు దొరకలేదు, స్టెప్ 5ని తిట్టి లాభం లేదు. క్యూ కొట్టి బయటికొచ్చి సెటప్‌లోకి వెళ్ళండి: పాత తోషిబాల్లో ఆన్ చేసేటప్పుడు ఈఎస్‌సీ పట్టుకుని తర్వాత ఎఫ్1, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1 పట్టుకుని ఆన్ చేయాలి. పోర్టు ఆఫ్‌లోనో, ఇన్‌ఫ్రారెడ్‌కి రాసిచ్చేసో ఉంటుంది.

సెటప్ సరిచేసినా మర్నాటికి మళ్ళీ మొదటికొస్తే సెటప్ విలువల్ని గుర్తుంచే సీమాస్ బ్యాటరీ పోయినట్టే. చాలా వాటిలో ఉండేది చార్జయ్యే 3.6 వోల్టుల నికెల్ సెల్స్. దాని బదులు సీఆర్2032 బిళ్ళ సెల్ నేరుగా పెట్టకండి, బోర్డు దాన్ని చార్జ్ చేయబోతుంది. మధ్యలో డయోడ్ ఉండాలి. కారిన సెల్స్ రాగి గీతల్ని తినేస్తాయి. గల్ఫ్‌కి వచ్చేముందు ఇంటి దగ్గర పాత మిషన్ మీద చేయి తిప్పుకునేవాళ్ళు, వానాకాలపు చెమ్మలో అంతర్వేది, మలికిపురం వైపు ఆ పచ్చని చిలుము ఇంకా త్వరగా పాకుతుందని గుర్తుంచుకోండి.

పోర్టు ఉన్నా పీఎల్‌సీ పలకకపోతే 9 పిన్నుల కనెక్టర్‌లో 2-3, 7-8, 1-4-6 కలిపి లూప్‌బ్యాక్ పరీక్ష (పంపిందే తిరిగొస్తుందా అని చూడటం) చేయండి. కొన్ని టూల్స్‌కి 9వ పిన్ను కూడా కలపాలి. అది పాసైతే అనుమానం కేబుల్ మీదే. ఎస్5 మాట్లాడేది 20 మిల్లీఆంపుల కరెంట్ లూప్ (వోల్టేజీతో కాక కరెంటుతో సంకేతాలు పంపే పద్ధతి), మధ్యలో కన్వర్టర్ లేకపోతే కుదరదు. వేగం 9600, ఈవెన్ పారిటీ. యూఎస్‌బీ సీరియల్ తీగల్ని ఈ డాస్ సాఫ్ట్‌వేర్ గుర్తించదు.

అంతా కుదిరాక ఎమ్‌ఎస్‌డి /పి తో రిపోర్టు ఫ్లాపీకి రాయించండి. డీబగ్‌లో కనపడిన బైట్లు, సెటప్ విలువలు, బ్యాటరీ మార్చిన తేదీ కాగితం మీద రాసి మూత లోపల అతికించండి. మీరు సెలవు మీద ఊరెళ్ళినప్పుడు రిలీవర్‌కి చేతిలో ఉండేది అదొక్కటే, ప్లాంటులోకి ఫోన్ కెమెరా ఎలాగూ తేనివ్వరు.