వెల్లకిలా పడుకున్న సాలీడు

సీతమ్మధార, విశాఖ. ఆదివారం. పొద్దుటి నుంచి ఉక్కపోత.

కింద ఫ్లాట్ కుర్రాడు పెంచుకుంటున్న టరాంటులా, అంటే ఒళ్లంతా నూగుండే పెద్ద సాలీడు, ఇవాళ కుబుసం విడిచింది. చిలీ రోజ్ జాతి, ఇంకా పూర్తిగా ఎదగలేదు. వాడు పెంచడం మొదలుపెట్టాక ఇదే మొదటి కుబుసం. "మావయ్యా, వెల్లకిలా పడిపోయింది, కదలట్లేదు" అంటూ పైకి పరిగెత్తుకొచ్చాడు.

వెల్లకిలా ఉందంటే చాలా వరకు మంచి కబురే. సాలీడు కాళ్లు ముడవడానికి కండరాలున్నాయి గానీ, ముఖ్యమైన కీళ్ల దగ్గర చాచడానికి లేవు. ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్లలోకి పంపి చాస్తుంది. చావుకి దగ్గరైనప్పుడు ఆ ఒత్తిడి పోతుంది, నిలబడ్డచోటే కాళ్లన్నీ ఒంటి కిందికి ముడుచుకుపోతాయి. కుబుసానికి సిద్ధమైనది అలా కాదు. నేల మీద పల్చగా పట్టు పరుపు అల్లుకుని, దాని మీద తనంతట తానే తిరగబడుతుంది.

సూచనలు ముందే ఉన్నాయి. తిండి మానేసింది, అయితే ఈ జాతి ఊరికే నెలల తరబడి ఉపవాసం ఉంటుంది కనక అదొక్కటే చూసి నమ్మలేం. పొట్ట మీద నూగు రాలిన చోట చర్మం నల్లబడి నిగనిగలాడటం అసలు గుర్తు. పాత చర్మం కింద మొలిచిన కొత్త నూగు ఆ నలుపు.

ముందు దాని తిండికని వేస్తే డబ్బాలో తిరుగుతున్న కీచురాయిని పొడవాటి పట్టకారుతో తీయించాను. కుబుసం వదిలే వేళ సాలీడు ఒళ్లు మెత్తగా ఉంటుంది, పారిపోలేదు, కరవలేదు. ఆకలేసిన కీచురాయి దాన్నే కొరికి తినగలదు. డబ్బాని మాత్రం ఉన్నచోటు నుంచి కదపనివ్వలేదు.

వాడి రెండో చేతిలో నీళ్ల స్ప్రే ఉంది. దాన్ని పక్కన పెట్టించడమే ఇవాళ నేను చేసిన పెద్ద పని. పుస్తకాల్లాంటి పొరలున్న ఊపిరితిత్తులు నాలుగూ పొట్ట అడుగున ఉంటాయి, అంటే వెల్లకిలా ఉన్నప్పుడు అవి పైకి తెరుచుకుని ఉంటాయి. వాటి మీద నీళ్లు కొడితే ఊపిరాడదు. పైగా విశాఖ గాలికి తేమ మనం అరువివ్వాలా? కుబుసం సాఫీగా ఊడాలంటే గాలిలో కన్నా సాలీడు ఒంట్లో నీరుండాలి. ఆ నీరు వారాల ముందు నుంచీ మూకుడులో ఎప్పుడూ నిండుగా ఉన్న నీళ్ల వల్ల వస్తుంది, చివరి గంటలో కొట్టిన స్ప్రేతో రాదు. తడి టిష్యూ వేసి బిగించిన డబ్బాలో పెట్టే అలవాటు ఇంకా ప్రమాదం, గాలి ఆడక ఉన్న ప్రాణం పోతుంది.

ఆ తర్వాత చూస్తూ కూర్చున్నాం. పొట్టలోని ద్రవం ముందుకి తోసుకొచ్చి, తల మీది చిప్ప అంచుల్లో చిట్లి మూతలా విడింది. పొట్ట చర్మం పక్కల చీలింది. కాళ్లు, కోరలు ఒకేసారి, ఆగి ఆగి, కొంచెం కొంచెంగా బయటికొచ్చాయి. పిల్ల సాలీళ్లకి అరగంట చాలు, పెద్దవాటికి గంటల కొద్దీ పడుతుంది. మధ్యలో ఆగిందని లాగకూడదు.

నిజంగా చిక్కుకుపోయి గంటలు గడిచినా కదలిక లేకపోతే, గోరువెచ్చని నీళ్లలో ముంచిన సన్న కుంచెతో పాత చర్మం అంటుకున్నచోట మాత్రమే తడపాలి, పొట్ట వైపు వెళ్లకుండా. ఒక్క కాలే ఇరుక్కుంటే బెంగ అక్కర్లేదు, దాన్ని అదే తెంపేసుకోగలదు, తర్వాతి కుబుసాల్లో మళ్లీ మొలుస్తుంది. చిప్ప గానీ పొట్ట గానీ ఇరుక్కుంటే బతకడం కష్టం.

మన ఊళ్లో చీమల సంగతి కూడా చూసుకోవాలి. మెత్తటి ఒంటి వాసనకి బారులు కడతాయి. చీమల సుద్ద గీయొద్దు, ఆ గదిలో దోమల మందు మిషనూ పెట్టొద్దు, వాటిలోని మందు సాలీడునీ చంపుతుంది. పెద్ద పళ్లెంలో సబ్బు చుక్క కలిపిన నీళ్లు పోసి, మధ్యలో ఇటుక మీద డబ్బా పెడితే చాలు.

బయటికొచ్చాక కోరలు తెల్లగా ఉన్నాయి. అవి ఎర్రబడి, పూర్తిగా నల్లబడే దాకా తిండి వేయకూడదు. ఈ సైజుకి వారం, పది రోజులు. పెద్దదైతే రెండు వారాలు. మెత్తటి కోరలతో కరవబోతే అవి వంగిపోవచ్చు. నీళ్లు మాత్రం ఇవాళ్టి నుంచే ఉండాలి.

తర్వాత నీలం రంగుది కొంటానన్నాడు కుర్రాడు. గిద్దలూరు, నంద్యాల అడవుల్లో బతికే మన పీసిలోథీరియా మెటాలికా అది. గుత్తి దగ్గర దొరికిన సాలీడుతో 1899లో లోకానికి తెలిసింది, ఇప్పుడు అంతరించే అంచున ఉంది. అడవి నుంచి పట్టినది ఎవరమ్మినా కొనొద్దని గట్టిగా చెప్పాను.

సాలీడు బోర్లా తిరిగి దూరంగా జరిగాక కుబుసం తీసుకున్నాం. ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, నలిగిన పొట్ట చర్మాన్ని కుంచెతో విప్పి, లోపలి వైపు భూతద్దంతో చూశాం. ముందు జత ఊపిరితిత్తుల మధ్య వీర్యం దాచుకునే చిన్న సంచులు కనబడ్డాయి. ఆడదే. పేరు మార్చాలంటున్నాడు.