ఉప్పు లెక్క, సకినాల డబ్బా

కాజీపేటలో రైలు కదులుతున్నా మా అమ్మాయి కిటికీలోంచి ఉప్పు లెక్కే చెబుతోంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాములట. తను చేరబోయే సముద్ర జీవుల పరిశోధనశాల కొత్త చోటికి మారుతోంది. కొత్తగా తీసుకున్న శాస్త్రవేత్తలకు మొదటి పని, తొట్లలోని జీవులను ప్రాణాలతో తరలించడమే.

సీసాల్లోని చేపలకేం, ఫార్మలిన్‌లో (చచ్చినవి కుళ్లకుండా ఉంచే ద్రవం) నిద్రపోతూ వస్తాయి. బతికున్నవాటికే తంటా. గాలి బుడగలు ఆగకూడదు, నీళ్లు వేడెక్కకూడదు.

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కూడా 1947లో మొదలై, 1971లో తమిళనాడులోని మండపం అనే ఊరి నుంచి కొచ్చికి మారిందని నేనూ ఓ మాట విసిరాను. (నిన్న రాత్రి చదివిందే లెండి.)

వరంగల్ భద్రకాళి చెరువు గట్టున పెరిగిన పిల్ల, ఇప్పుడు సముద్రం లెక్కలు చెబుతోంది.

రైలు వెళ్లాక చూస్తే, వాళ్లమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా బెంచీ మీదే ఉంది. ఇంటికెళ్లి ఏం చెప్పాలో!