తెల్లవారుజాము మాత్ర

మంగళవారం. బిడ్డకు ఐదో నెల.

తెల్లవారుజాము 4:30. బిడ్డ పాలకు లేచింది. థైరాయిడ్ మాత్రకు ఇంతకు మించిన ముహూర్తం లేదు. రాత్రి తిన్న అన్నం అరిగిపోయింది, కాఫీకి ఇంకా గంటన్నర ఉంది. బాలింత ఉన్న ఇంట్లో గడియారం మాట ఎవరూ వినరు. "ఆరింటికి వేసుకోవాలి" అని పెట్టుకున్న నియమం వారంలో రెండు మూడుసార్లు తప్పుతుంది. "తెల్లవారుజాము పాలప్పుడు" అని పెట్టుకున్నది తప్పదు, ఎందుకంటే గుర్తు చేసేది బిడ్డ. ఏడుపు కంటే మంచి అలారం ఏముంది?

మాత్ర పేరు లీవోథైరాక్సిన్, గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి తయారు చేయాల్సిన హార్మోనుకు బదులు వేసుకునేది. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ అని రాసి ఉన్న సీసాల్లో ఉండేది ఇదే. గ్రంథి బొత్తిగా పనిచేయనివాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.6 మైక్రోగ్రాముల చొప్పున లెక్క. అరవై కిలోల మనిషికి దాదాపు 100 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో పదివేలవ వంతు. మందు ఇంత పిసరంత కాబట్టే పక్కన ఏది తగిలినా లెక్క తప్పుతుంది. అందుకే పరగడుపున, గ్లాసుడు మంచినీళ్లతో వేసుకోవాలి. పాలతో వద్దు, కాఫీతో అసలే వద్దు. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ తినకూడదు.

మాత్రల డబ్బా వారానికి ఏడు అరలున్నదైతే మేలు. నిద్ర లేని రాత్రుల్లో పెద్ద చిక్కు మరిచిపోవడం కాదు, వేసుకున్నామో లేదో తెలియకపోవడం. అర ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే. మిగతా మాత్రలు సీసాలోనే ఉండాలి. తేమ పీల్చే చిన్న పొట్లం లోపల ఉంటే తీసి పారేయకూడదు. సీసాను పొయ్యి పక్కన అలమరలోనో స్నానాల గదిలోనో పెట్టకూడదు, ఆవిరికీ వేడికీ మందు దెబ్బతింటుంది. ఇంకో నెలలో బిడ్డ పాకుతుంది కాబట్టి సీసా, డబ్బా రెండూ చెయ్యందని అలమరలోకి వెళ్లాలి.

6:00. కాఫీ. గంటన్నర దాటింది కాబట్టి బెంగ లేదు.

పరగడుపు అనే మాట దగ్గరే చాలా ఇళ్లలో పేచీ వస్తుంది. మొదటి నెలలో పెద్దవాళ్లు పెట్టే కాయం ముద్ద కూడా పరగడుపునే మింగాలంటారు. శొంఠి, పిప్పళ్లు, వాము, బెల్లం, నెయ్యి. తినడంలో తప్పు లేదు, మాత్ర వేసుకున్న గంటకు తింటే సరి. "అత్తయ్యా, ఇది ముందు, అది తర్వాత" అని మొదటి రోజే చెబితే గొడవ ఉండదు. రోజూ రెండూ కలిపి మింగేస్తేనే నష్టం.

సిజేరియన్ అయినవాళ్లకు ఆ మొదటి రోజుల్లో గ్యాస్ మాత్ర కూడా ఉంటుంది. పాంటోప్రజోల్ లాంటివి కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి, లీవోథైరాక్సిన్ సరిగా కరగాలంటే ఆ ఆమ్లం కావాలి. నాలుగు రోజులైతే పరవాలేదు. నెలల తరబడి "అలవాటుగా" సాగుతుంటే డాక్టర్‌కు చెప్పాలి.

8:00. ఇడ్లీ, వేరుశనగ పచ్చడి. ఎక్కువమంది తప్పు చేసే చోటు ఇదే. టిఫిన్ అవగానే ఎదురుగా కాల్షియం, ఐరన్ మాత్రలు కనిపిస్తాయి, వేసేసుకుంటారు. కాల్షియం, ఐరన్ రెండూ పేగుల్లో థైరాయిడ్ మందును పట్టేసుకుని ఒంట్లోకి పోనివ్వవు. కనీసం నాలుగు గంటల ఎడం కావాలి. ప్రభుత్వ లెక్క ప్రకారం పాలిచ్చే తల్లికి ప్రసవం తర్వాత 180 రోజులు రోజూ ఒక ఎర్ర ఐరన్ మాత్ర, రోజుకు రెండు కాల్షియం మాత్రలు. ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కాల్షియం ఒక్కోదానిలో 500 మిల్లీగ్రాములు. పైగా ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి పడదు, కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. అంటే మూడు మందులు, ఒకదాని ముఖం ఒకటి చూడకూడదు.

కుదిరే వరస ఒకటుంది. తెల్లవారుజామున థైరాయిడ్. మధ్యాహ్నం భోజనంతో ఒక కాల్షియం. సాయంత్రం ఐదింటికి నిమ్మరసంతో ఐరన్, ఆ గంట టీ జోలికి పోకుండా. రాత్రి భోజనంతో రెండో కాల్షియం. ఎనిమిదిన్నరకు వేసుకున్నది మర్నాడు నాలుగున్నర మాత్రకు ఎనిమిది గంటల దూరంలో ఉంటుంది. ఈ నాలుగు వేళలూ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తే ఇంట్లో ఎవరైనా అందించగలరు. మోతాదు పెంచినా రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే అంకె) దిగడం లేదంటే, ఇంకా పెంచే ముందు ఈ వరస చూసుకోవాలి. చాలాసార్లు మందు చాలక కాదు, కాల్షియం పక్కన పడి వృథా అవుతుంది.

పొద్దున తెల్లవారుజాము వేళ అసలు కుదరనివాళ్లు రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు, భోజనమై మూడు గంటలు దాటితే చాలు. అప్పుడు రాత్రి కాల్షియం సాయంత్రానికి, ఐరన్ మధ్యాహ్నానికి, మధ్యాహ్నం కాల్షియం పొద్దున టిఫిన్‌కు జరగాలి. వేళ ఏదైనా, రోజూ ఒకటే ఉండాలి.

10:30. స్నానం. దువ్వెన నిండా జుట్టు. దీన్నంతా థైరాయిడ్ ఖాతాలో రాయకూడదు. కడుపుతో ఉన్నప్పుడు రాలకుండా ఆగిన జుట్టు ప్రసవమైన మూడు నాలుగు నెలలకు ఒక్కసారిగా రాలుతుంది, ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా. ఏడాది లోపు చాలావరకు తిరిగి వస్తుంది. జుట్టుతో పాటు చర్మం పొడిబారడం, అందరూ ఫ్యాను కింద ఉన్నా తనకు మాత్రం చలి, మలబద్ధకం, గొంతు బొంగురు, పొద్దున ముఖం ఉబ్బడం కలిస్తే అది వేరే కథ.

ఈ లక్షణాలను థైరాయిడ్‌తో ముడిపెట్టడం కొత్తది కాదు. 1948లో రాబర్టన్ అనే న్యూజీలాండ్ వైద్యుడు, కాన్పు తర్వాత నీరసం, చలి, జుట్టు మార్పులతో వచ్చిన తల్లులకు థైరాయిడ్ సారం ఇస్తే తగ్గిందని రాశాడు. ఇన్నేళ్లయినా "బిడ్డ పుట్టాక నీరసం ఉండదా మరి" అనే మాట మాత్రం పోలేదు. ఆ మాట సగం నిజం, అందుకే ప్రమాదం. నిద్రలేమి నీరసం రెండు గంటలు కునుకు తీస్తే కాస్త తేలుతుంది. థైరాయిడ్ నీరసం తేలదు.

ప్రసవం తర్వాతి థైరాయిడ్ చిక్కులు రెండు రకాలు, వాటిని విడదీసి చూడాలి. ముందునుంచే మాత్ర వాడుతున్నవాళ్లు ఒక రకం. వాళ్లకు గర్భంలో మోతాదు పెంచుతారు, కాన్పు కాగానే మునుపటి మోతాదుకు తెచ్చి ఆరు వారాలకు రక్తం చూస్తారు. దించడం మరిచిపోయి గర్భం నాటి మోతాదే సాగిస్తే గుండె దడ, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. పిల్లతో నిద్ర ఎలాగూ లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

రెండో రకం కాన్పు తర్వాతే మొదలయ్యేది. గర్భంలో అణిగి ఉన్న రోగనిరోధక శక్తి కాన్పయ్యాక తిరిగి లేచి, కొందరిలో సొంత గ్రంథి మీదే పడుతుంది. రక్తంలో టీపీవో యాంటీబాడీలు (సొంత థైరాయిడ్ మీదే గురిపెట్టే రోగనిరోధక కణాల సరుకు) ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. గ్రంథి వాచి, నిల్వ ఉన్న హార్మోను రక్తంలోకి కారుతుంది. అది ఒకటి నుంచి ఆరు నెలల మధ్య వచ్చే దడ దశ. బరువు తగ్గుతుంది, చేతులు వణుకుతాయి, అయినదానికీ కానిదానికీ చిరాకు. ఇంట్లో దిష్టి తీస్తారు. ఈ దశలో గ్రంథి కొత్తగా ఎక్కువ తయారు చేయడం లేదు, ఉన్నది కారుతోంది, అంతే. అందుకని తయారీని ఆపే మందులు పనికిరావు, అవసరమైతే దడ తగ్గించే మాత్ర మాత్రమే ఇస్తారు. కొట్టు ఖాళీ అయ్యాక, నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య, మందగించే దశ వస్తుంది. అందరికీ రెండు దశలూ రావు, కొందరికి నేరుగా ఈ రెండోదే. చాలామందికి ఏడాది తిరిగేసరికి గ్రంథి కోలుకుంటుంది, కొందరికి ఉండిపోతుంది. ఈ రకంవాళ్లకు మాత్ర జీవితాంతం అని మొదటి రోజే తేల్చేయకూడదు. ఏడాది దగ్గర డాక్టర్ మోతాదు తగ్గిస్తూ చూస్తారు. కోలుకున్నా ఏటా ఒకసారి టీఎస్‌హెచ్ చూపించుకోవాలి.

దిగులు సంగతి కూడా ఇక్కడే రాయాలి. ఊరికే ఏడుపు రావడం, బిడ్డను ఎత్తుకోవాలనిపించకపోవడం కనిపిస్తే రక్త పరీక్ష చేయించాలి, మనసు డాక్టర్‌కూ చూపించాలి. ఒకటి చేశాం కదా అని రెండోది మానకూడదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రిపోర్టు కోసం ఆగే పనే లేదు, ఆ రోజే వెళ్లాలి.

1:00. భోజనం. క్యాబేజీ కూర. "థైరాయిడ్ ఉన్నవాళ్లు క్యాబేజీ తినకూడదట" అనే మాట ప్రతి పంక్తిలోనూ వినిపిస్తుంది. ఉడికించిన కూర మామూలుగా తింటే ఏమీ కాదు. కిలోల కొద్దీ పచ్చిగా నమిలేవాళ్ల సంగతి వేరు, అలాంటివాళ్లు మన వైపు కనబడరు. చూసుకోవాల్సింది ఉప్పు. పాలిచ్చే తల్లికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, బిడ్డకు అందేది కూడా ఆ పాల నుంచే. ఆరోగ్యం పేరుతో వంటంతా సైంధవ లవణానికి మారిస్తే ఆ దారి మూసుకుపోతుంది. అయోడిన్ ఉప్పునే, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, కూర దించే ముందు వేసుకుంటే చాలు. అలాగని అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు మాత్రలు కొనుక్కోనక్కర్లేదు. ఎక్కువైతే ఆ గ్రంథికే చేటు.

3:00. పక్కింటావిడ వచ్చింది. "ఒళ్లు చేశావు, థైరాయిడేనా?" థైరాయిడ్ తగ్గడం వల్ల పెరిగే బరువు మామూలుగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులో చాలాభాగం ఒంట్లో నిలిచిన ఉప్పూ నీరూ. పదిహేను కిలోల నెపం దాని మీద వేయడం అన్యాయం. బరువు తగ్గడానికి మాత్ర ఎక్కువ వేసుకోవడం ఇంకా పెద్ద తప్పు, దెబ్బ గుండెకూ ఎముకలకూ తగులుతుంది.

ఆవిడ రెండో ప్రశ్న: "పాలిస్తూ ఆ మందు వాడొచ్చా?" వాడొచ్చు. పాలలోకి పోయేది అతి కొద్ది, బిడ్డకు హాని లేదు. మందు మానేస్తే కొందరికి పాలే తగ్గుతాయి. తల్లికి ఉంటే బిడ్డకూ ఉంటుందన్నది కూడా భయమే తప్ప నియమం కాదు. పుట్టిన రెండు మూడు రోజులకు మడమ దగ్గర గుచ్చి తీసే రక్తపు చుక్కతో అది తేలిపోతుంది. ఆ పరీక్ష చేశారో లేదో డిశ్చార్జి కాగితంలో చూసుకోవాలి. లేకపోతే ఇప్పుడైనా పిల్లల డాక్టర్‌ని అడగాలి.

5:00. ఐరన్, నిమ్మరసం.

8:30. అన్నం, రెండో కాల్షియం.

9:30. రేపు రక్తం ఇచ్చే రోజు. మోతాదు మార్చి ఏడు వారాలైంది. ఈ హార్మోను సగానికి తగ్గడానికే వారం పడుతుంది, అందుకని మార్పు పూర్తిగా తెలియాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. పది రోజులకే పరీక్ష చేయించి "తగ్గలేదు" అని కంగారుపడటం డబ్బు దండగ. ఒక రోజు మాత్ర తప్పితే కొంప మునగకపోవడానికీ ఇదే కారణం. అదే రోజు గుర్తొస్తే, కడుపు ఖాళీగా ఉన్న వేళ చూసి వేసుకోవడమే. కంపెనీ మారినా మళ్లీ ఆరు వారాలకు చూపించుకోవాలి.

రిపోర్టులో టీఎస్‌హెచ్ అంటే మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి వేసే కేక. థైరాయిడ్ పలక్కపోతే కేక పెరుగుతుంది, అంకె పెరుగుతుంది. మందు చాలితే కేక తగ్గుతుంది. అంకె మామూలుకు వచ్చిందని మాత్ర ఆపేస్తే నెలలో మళ్లీ కేక మొదలు. దాంతో పాటు ఫ్రీ టీ4, అంటే రక్తంలో ఉన్న థైరాయిడ్ హార్మోను లెక్క, కూడా రాయించుకోవాలి, దడ దశ నుంచి మంద దశకు జారే రోజుల్లో టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే మోసపోతాం.

జుట్టు కోసం తెప్పించుకున్న బయోటిన్ మాత్రలు ఆదివారం నుంచే ఆపి ఉంచాలి. 5, 10 మిల్లీగ్రాములవి పరీక్ష యంత్రాన్నే తికమక పెడతాయి. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా చూపిస్తాయి. అది చూసి మోతాదు తగ్గించేస్తే కథ మళ్లీ మొదటికి. కనీసం రెండు రోజులు మానాలి.

రేపు 4:30కి బిడ్డ లేస్తుంది, చెయ్యి అలవాటుగా డబ్బా మీదికి పోతుంది. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లో టీ4 కాస్త పైకి పోతుంది, అందుకని రక్తం ఇచ్చాకే మాత్ర. బుధవారం అర మీద ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద పెన్నుతో "సూది తర్వాత" అని రాసి పెట్టాలి. రక్తం తీసే అబ్బాయి ఏడింటికి వస్తానన్నాడు. కాఫీ ఎనిమిదింటికి.