తాడు నుంచి వంతెన దాకా

మన క్లాసుల్లో చదువుకున్న నవలల్లో ‘బ్రిడ్జ్ టు టెరబిథియా’ చాలామందికి గుర్తుండే ఉంటుంది. కేథరిన్ పేటర్సన్ 1977లో తెచ్చిన ఈ పిల్లల నవలకు 1978లో, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ వచ్చింది. మనలో టీచర్లయినవాళ్లు దీన్ని చదివించేటప్పుడు ప్రతీకల దగ్గరే బండి ఆగిపోతుంటుంది. ‘తాడంటే స్నేహం, వంతెనంటే ధైర్యం’ అని రాయించేస్తే పిల్లలు పరీక్ష గట్టెక్కుతారు గానీ నవల చేజారిపోతుంది.

తాడునే చూడండి. ఎండిన వాగు ఒడ్డున క్రాబ్ యాపిల్ చెట్టుకు ఎవరో ఎప్పుడో కట్టి వదిలేసిన తాడది. కథానాయకుడు జెస్, అతని స్నేహితురాలు లెస్లీ దాన్ని పట్టుకుని ఊగి అవతలికి దూకితే అక్కడే వాళ్లు ఊహించుకున్న టెరబిథియా రాజ్యం. మొదట్లో అది ఆట. వానలకు వాగు పొంగాక అదే తాడంటే జెస్‌కు భయం. లెస్లీతో ఆ మాట చెప్పలేకపోవడం అంతకన్నా బరువు. చివరికి తాడు తెగి లెస్లీ చనిపోయిన రోజు జెస్ వాషింగ్టన్‌లో ఆర్ట్ గ్యాలరీలో బొమ్మలు చూస్తుంటాడు. అందుకే అర్థం బోర్డు మీద రాసే ముందు పిల్లలతో మూడు సంగతులు రాయించాలి: వస్తువు ఏ పేజీల్లో వచ్చింది, అప్పుడు ఎవరి చేతిలో ఉంది, ఆ తర్వాత ఏం మారింది. వానను మాత్రం మరీ సాగదీయొద్దు. వాగు నిండాలంటే కథకు వాన కావాలి, చాలావరకు అంతే.

జెస్ ఇంటి కష్టం క్రిస్మస్ కానుకల్లో బయటపడుతుంది. ఐదుగురు పిల్లలున్న ఇల్లు, డబ్బుకు కటకట. ఊరికే ఇస్తామన్న కుక్కపిల్లను తెచ్చి లెస్లీకిస్తాడు. ఆమె ఇచ్చేది 24 ట్యూబుల రంగుల పెట్టె, బ్రష్షులు, మందపాటి కాగితాలు. అదీ కొడుకు బొమ్మలు గీయడం తండ్రికి గిట్టని ఇంటి పిల్లాడికి! లెస్లీ పోయాక ఆ రంగుల్నే వాగులోకి విసిరేస్తాడు. పిల్లలు ఇక్కడ ‘కోపం’ అని ఒక్క ముక్క రాసి ఆపేస్తారు. ఆ రంగులు ఎవరిచ్చినవి, ఏ నీళ్లలో పడ్డాయి అని రెండూ కలిపి అడగండి.

లెస్లీ తల్లిదండ్రులు ఇల్లు ఖాళీ చేసి వెళ్లాక, మిగిలిన చెక్కలతో జెస్ వంతెన కడతాడు. తాడుకు ఊపు కావాలి, పట్టు కావాలి. వంతెన మీద చిన్నపిల్లయినా నడిచిపోతుంది. ఇది తెలియాలంటే ముందు సీన్ వదలకూడదు: అన్న వెంటపడి వచ్చిన మే బెల్, వాగుకు అడ్డంగా ఉన్న మాను మీద సగం దూరంలో బిగుసుకుపోతుంది. ఆ పేరానూ, చెల్లెలి జుట్టులో పూలు పెట్టి జెస్ వంతెన దాటించే పేరానూ పక్కపక్కన చదివించి, మే బెల్ అక్కడ ఎందుకు ఆగిపోయింది, ఇక్కడ ఎలా నడిచింది అని అడిగితే చాలు.